బల్లకు ఆవలి విద్య

సుషీ యనగా సిర్కా కలిపిన యన్నపు ముద్దపై చేపతునక నమర్చిన జపాను వంటకము. 19వ శతాబ్దపు పూర్వార్ధమున ఎదో నగరములో, అనగా నేటి టోకియోలో, దానిని అప్పటికప్పుడు చేతితో ఒత్తి యిచ్చు పద్ధతి వ్యాపించెను. 1958లో ఒసాకా ప్రాంతమున తిరుగు పట్టాపై పళ్లెములు సాగివచ్చు భోజనశాల వెలసెను. దానివలన సుషీ సామాన్యునికి చౌకగా అందెను. ఆ మేలును కాదనరాదు.

అయితే పట్టాకు తినువాని ముఖము కనబడదు. వీధిలోని కుటుంబపు అంగడిలో బల్లకు ఆవల తండ్రి నిలిచి, ఎదుటివాని వయస్సును, ఆకలిని చూచి ముద్ద చేయును. ప్రక్కన కుమారుడు మొదట నేర్చునది బియ్యము కడుగుట, అన్నము వండుట. చేపపై కత్తి పెట్టుట తరువాతి పాఠము. 'ఒమకసే', అనగా 'మీకే వదలితిని' అని అతిథి వారిని నమ్మి కూర్చుండును.

ఇట్టి అంగళ్లు అనేకము వారసులు లేక మూతపడుచున్నవి. వేకువనే చేపలసంతకు పోయి, రాత్రి ప్రొద్దుపోవువరకు నిలుచుండి పనిచేయవలసిన వృత్తిని వలదనిన యువకుని నిందించుట న్యాయము కాదు. చౌకనే కోరిన ఇరుగుపొరుగువారికిని అందు పాలు కలదు. అంగడి మూతపడిననాడు ఆ వీధిలో తినుటకు వేరొక చోటు దొరకును. ఆ విద్య నేర్చుటకు మాత్రము దొరకదు.