పేరు తిరిగొచ్చింది సరే, నమ్మకం మాటేమిటి?

మన పిల్లలిద్దరు కొత్త యెజ్డీ కొంటామంటే గ్రూపులో పెద్దలంతా “మన మైసూరు బండి మళ్లీ వచ్చింది, కొనేయండ్రా” అని దీవించేశారు. నేనొప్పుకోను.

మైసూరు బండి 1996లో యాదవగిరి ఫ్యాక్టరీ మూతతోనే ఆగిపోయింది. ఇప్పటిది మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో తయారవుతోంది. అది టూ స్ట్రోక్. ఆయిలు కలిపిన పెట్రోలు, కిక్కుకీ గేరుకీ ఒకటే కడ్డీ. ఇది నీళ్లతో చల్లబడే ఫోర్ స్ట్రోక్. మార్చడం తప్పనను, పొగ నిబంధనలున్నాయి. కానీ చుట్టరికం ట్యాంకు మీది పేరు వరకే.

అసలు పాత బండికి ఆ నమ్మకం ఎవరిచ్చారు? ఫ్యాక్టరీ పోయాక కూడా దాన్ని నడిపించింది సందుల్లోని మెకానిక్కులు. పాయింట్ల సెట్టు దొరక్కపోతే మరో బండిది విప్పి తెచ్చి వేసినవాళ్లు. మా నాయన బండి ఇంకా తిరుగుతోందంటే వాళ్ల చేతి చలవే. (జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీల ఊరేగింపులో వాళ్లకు దండ వేసినవాణ్ణి నేను చూడలేదు!)

2018 నవంబరులో జావా పేరు తిరిగొచ్చింది. అడ్వాన్సు కట్టినవాళ్లు నెలల తరబడి కాచుకున్నారు. పాత ప్రేమను ముందే సొమ్ము చేసుకుని, బండి తర్వాత ఇస్తామంటే అది నమ్మకమా?

కాబట్టి అడ్వాన్సు కట్టకముందు ఆ పిల్లలు ఓ శనివారం సర్వీసు సెంటరు గేటు దగ్గర నిలబడాలి. వచ్చేవాళ్లను క్లచ్ కేబులుకి ఎన్నాళ్లు పట్టిందని అడగాలి. తోడు నేనొస్తాను.