ఊడిపోయే పన్నే కదా!

"ఊడిపోయే పన్నే కదా, దీనికింత గొడవెందుకు?" పంటిపోటుతో ఏడ్చే పిల్లల దగ్గర పెద్దలు తరచుగా అనే మాట ఇది. ఒక లవంగం నలిపి పంటి కింద పెడతారు. నొప్పి తగ్గితే సంగతి మరచిపోతారు. తగ్గకపోతే పీకించేస్తారు. మోకాలు కొట్టుకుపోతే కంగారుపడే తల్లిదండ్రులు కూడా పాలపన్ను విషయంలో ఇంత ఉదాసీనంగా ఉండడం విచిత్రం. ఊడిన పన్నును ఇంటికప్పు మీదికి విసిరే వేడుకను మాత్రం ఎవరూ మరచిపోరు.

ఈ ధోరణి సరైనది కాదు. పాలపళ్ళు 20. అవన్నీ ఒకేసారి ఊడవు. ముందుపళ్ళు ఆరేడేళ్ళకు కదులుతాయి గాని, నమిలే దవడపళ్ళు పది పన్నెండేళ్ళ దాకా నోటిలోనే ఉంటాయి. నాలుగేళ్ళప్పుడు పుచ్చిన దవడపన్ను దానంతటది ఊడాలంటే ఇంకా ఆరేడేళ్ళు ఆగాలి. అన్నాళ్ళూ పిల్లవాడు ఒక పక్కనే నమలాలా? పైగా పాలపంటి మీది గట్టి పొర పెద్దల పంటి పొరకంటె పలుచన. అందుచేత పుచ్చు త్వరగా లోపలి నాడిదాకా పోతుంది. పోనీ ముందే పీకిద్దామంటే మరొక చిక్కు. పాలపన్ను తన కింద పెరుగుతున్న పన్నుకు చోటు కాచి ఉంచుతుంది. అది లేకపోతే పక్కపళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. తరువాత వచ్చే పన్నుకు చోటు చాలక వంకరగా మొలుస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన నివేదిక ప్రకారం పాలపళ్ళు పుచ్చి బాధపడుతున్న పిల్లలు ప్రపంచంలో 51 కోట్ల 40 లక్షల మంది.

తల్లిదండ్రులను మాత్రమే తప్పు పట్టడం న్యాయం కాదు. చాలాకాలం వైద్యం కూడా పిల్లవాణ్ణి ఒక పొట్టి పెద్దమనిషిగానే చూసింది. చిగుటికి మత్తుసూది, గిర్రున తిరిగే యంత్రంతో పుచ్చునంతా తొలవడం, ఆ గుంటలో సిమెంటు నింపడం - ఇదే పద్ధతి. పెద్దవారే ఆ కుర్చీలో బిగుసుకొని కూర్చుంటారు. అయిదేళ్ళ పిల్ల ఎలా ఓర్చుకుంటుంది? ఒకసారి బెదిరిన పిల్ల మళ్ళీ ఆ గుమ్మం తొక్కనంటుంది.

పళ్ళ పరిశోధనలో రోగి మంచిచెడ్డలను పట్టించుకోని రోజులు కూడా ఉన్నాయి. స్వీడన్ దేశంలో లుండ్ పట్టణంలోని వీపెహోల్మ్ ఆసుపత్రిలో, 1940లలో, బుద్ధిమాంద్యం గల రోగులకు పళ్ళకు అంటుకునే మిఠాయిలు పనిగట్టుకొని తినిపించారు. తీపి ఎంత తిన్నారన్న దానికంటె ఎన్నిసార్లు తిన్నారు, అది పంటిని ఎంతసేపు అంటుకొని ఉంది అన్నదే ముఖ్యమని తేలింది. భోజనానికీ భోజనానికీ నడుమ మిఠాయి తినవద్దని ఈనాడు డాక్టర్లు చెప్పే మాటకు ఆ పరిశోధన ఒక ఆధారం. కాని ఆ రోగుల సమ్మతి ఎవరూ అడగలేదు. వారి పళ్ళు పుచ్చిపోయాయి. ఫలితం నిజమైనంత మాత్రాన పద్ధతి న్యాయం కాదు.

స్కాట్లండులో జరిగిన పని దీనికి పూర్తిగా భిన్నం. నార్నా హాల్ అనే ఆమె అక్కడ సాధారణ దంతవైద్యురాలు. 1980ల చివరినుంచి ఆమె పుచ్చిన పాలదవడపళ్ళకు సూది వేయకుండా, ఏమీ తొలవకుండా, సరిపోయే స్టీలు తొడుగును సిమెంటుతో బిగించేది. పుచ్చును లోపలే మూసివేసేది! పుస్తకాలలో చెప్పినదానికి ఇది విరుద్ధం. అయినా ఇందులో యుక్తి ఉంది. పుచ్చును కలిగించే సూక్ష్మజీవులకు తిండి మనం తినే తీపే. తొడుగు కింద వాటికి ఆ తిండి అందదు. పుచ్చు అక్కడితో ఆగుతుంది.

ఆమె రాసి ఉంచిన రికార్డులను డండీ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి 2006లో ప్రకటించారు. తరువాత టేసైడ్ ప్రాంతంలో 132 మంది పిల్లలను ఎన్నుకొని, ఒక్కొక్కరి నోటిలో ఒక పన్నుకు తొడుగు, అలాంటిదే మరొక పన్నుకు మామూలు చికిత్స చేయించారు. రెండేళ్ళకు నొప్పి, చీము వంటి పెద్ద చిక్కులు మామూలు చికిత్సలో నూటికి 15 పళ్ళకు వస్తే, తొడుగు వేసినవాటిలో నూటికి 2 పళ్ళకే వచ్చాయి. ఇంకొక విశేషముంది. ఏది నచ్చిందని పిల్లలనే అడిగారు. నూటికి 77 మంది తొడుగే బాగుందన్నారు. పిల్లవాడి ఇష్టాన్ని కూడా పరిశోధన ఫలితాలలో చేర్చడం ఎంతో మెచ్చదగిన సంగతి.

అన్ని పళ్ళకూ ఇది పనికిరాదు. పుచ్చు నాడిని చేరి చిగురు వాచినప్పుడు వేరే చికిత్స తప్పదు. తొడుగు వేసిన కొత్తలో కొన్నాళ్ళు పళ్ళు సరిగా కలవనట్లుంటుంది. వీటికంటె గట్టిగా వినిపించే అభ్యంతరం మరొకటి: "అమ్మాయి నోట్లో స్టీలు పన్నా?" సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే మందుకూ ఇదే అడ్డు. దానిని పుచ్చుమీద కుంచెతో పూస్తే చాలు, పుచ్చు ఆగుతుంది. కాని ఆ చోటు నల్లబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దానిని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. పన్ను నలుపు చూసి సిగ్గుపడేది పెద్దలు. రాత్రి నిద్రలేక ఏడ్చేది పిల్ల. ఎవరి మాట ముందు వినాలి?

ఈ మందుకు కరెంటు అక్కరలేదు, ప్రత్యేకమైన కుర్చీ అక్కరలేదు. శిక్షణ పొందినవారు బడి వరండాలో బల్లమీద కూర్చోబెట్టి పూయవచ్చు. కనుక బడికి వచ్చే వైద్యబృందాలు పుచ్చుపళ్ళు లెక్కపెట్టి, చీటీ రాసి ఇచ్చి వెళ్ళిపోవడం సరిపోదు. ఆ చీటీ పట్టుకొని, ఒకరోజు కూలి మానుకొని, బస్సెక్కి పట్నం వెళ్ళగలవారు ఎందరు? చేయగలిగిన చికిత్సను అక్కడే చేసి వెళ్ళాలి.

అప్పుడు మరొక పన్ను కూడా వారి కంట పడుతుంది. ఆరేళ్ళ వయసులో, ఏ పన్నూ ఊడకుండానే, చివరి పాలదవడపన్ను వెనుక ఒక కొత్త పన్ను మొలుస్తుంది. ముందు ఏదీ ఊడలేదు కనుక ఇంట్లోవారు దానినీ పాలపన్నే అనుకుంటారు. అది పుచ్చినా అదే మాట అంటారు. కాని అది ఊడి మళ్ళీ వచ్చే పన్ను కాదు. పోతే దాని చోట ఇంకొకటి రాదు.