సగం పొట్లం చాలు!

బడి నుంచి వస్తూనే మా పిల్లలకు నూడుల్స్ కావాలి. వాళ్లతో పాటు మావారికీ ఓ ప్లేటు. సరే కదా అని కొట్లో ఉన్న రకాలన్నీ తెచ్చి వారం రోజులు వండి చూశానండీ. గోధుమపిండివి కాస్త మొద్దుగా ఉన్నాయి. ఓట్స్‌వి చల్లారితే ముద్దే. కొరియా రకం కారానికి మా గుంటూరు వాళ్లకే కళ్ల నీళ్లొచ్చాయి!

1958లో జపాన్‌లో మొమొఫుకు ఆండో కనిపెట్టిన పద్ధతిలోనే చాలా రకాలు ఇప్పటికీ తయారవుతున్నాయి. ముందే ఉడికించి, నూనెలో వేయించేస్తారు. త్వరగా ఉడకడం అందుకే.

నన్ను భయపెట్టింది మసాలా పొట్లం. మావారికి బి.పి. కదా! ప్యాకెట్ వెనక సోడియం ఎన్ని మిల్లీగ్రాములో చూసి రెండున్నరతో హెచ్చవేయండి, ఉప్పు లెక్క వస్తుంది. 1000 ఉంటే రెండున్నర గ్రాముల ఉప్పన్నమాట. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

ఇప్పుడు సగం పొట్లమే వేస్తున్నాను. తగ్గిన రుచికి వేయించిన జీలకర్ర పొడి, మిరియాలు, దించాక నిమ్మరసం. బఠాణీ, క్యారెట్ ఎలాగూ ఉంటాయి. పిల్లలు కనిపెట్టలేదు. మావారు మాత్రం "ఇవాళ చప్పగా ఉందేమిటోయ్?" అన్నారు. విననట్టు ఊరుకున్నాను. మిగిలిన సగాలు బంగాళాదుంప వేపుడులోకి పనికొస్తాయి, కాకపోతే అందులో వేరే ఉప్పు వేయకండేం!