ట్యాబ్ అడుగుతుంది సరే, ఆ తర్వాత?

ఫిజియోథెరపీ గదిలో ప్రతి రోగి పేరిటా ఒక కాగితం ఉంటుంది. మోకాలు ఎంతవరకు వంగుతోంది, పిడికిలి బిగుస్తోందా, గోడ పట్టుకోకుండా ఎన్ని అడుగులు వేశాడు, వీపు మీది పుండు ఎంత మానింది... అన్నీ అందులోకి ఎక్కుతాయి. బెంగళూరులో పరంజా మీంచి పడి నడుం దెబ్బతిన్న కదిరి వైపు మేస్త్రీ అయినా, తెల్లారి లేవబోతే ఎడమ చెయ్యి మాట వినని శింగనమల రైతు అయినా ఆ కాగితంలో వరస ఒకటే. రాత్రి నిద్ర పడుతోందా, నలుగురితో కూర్చోవాలనిపిస్తోందా, అసలు బతకాలనిపిస్తోందా అని రాసుకునే గడి మాత్రం చాలాచోట్ల ఉండదు.

ఆ గడి ఉండి తీరాలి. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో పునరావాస వైద్యం అందే ప్రతిచోటా దిగులునీ ఆందోళననీ పట్టిచూసే ప్రశ్నావళి ట్యాబ్ మీదో ఫోన్ మీదో తప్పనిసరి కావాలి. అయితే ఒక షరతు. ‘అవును, నాకు బతకాలని లేదు’ అన్న మనిషికి ఏం చేస్తారో ముందు ఖరారు కావాలి. అది తేలేదాకా ఒక్క ట్యాబ్ కూడా కొనొద్దు.

పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడోవంతు మంది ఏదో ఒక దశలో డిప్రెషన్‌లోకి జారతారని ప్రపంచవ్యాప్త అధ్యయనాలు చెబుతున్నాయి. వెన్నుపాము దెబ్బతిన్నవారిలో ఐదుగురిలో కనీసం ఒకరు. ఇది ఒంటి వైద్యానికి సంబంధం లేని సంగతని ఎవరైనా అనుకుంటే పొరపాటే. దిగులుపడ్డ మనిషి వ్యాయామం మానేస్తాడు. రెండు గంటలకోసారి పక్క మార్చమని అడగడం మానేస్తాడు. బీపీ మాత్ర దిండు కిందే ఉండిపోతుంది. వారాల తరబడి ఫిజియోథెరపిస్టు పడ్డ కష్టమంతా ఇంటికెళ్లిన కొన్నాళ్లకే నీరుగారిపోతుంది.

అనంత నేల మీద దీనికి కరవు తోడు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడే సీమ ఇది. వేరుశనగ పోయిన ఏడు బోరు వేయాలి, బోరు ఎండిన ఏడు బెంగళూరు బస్సెక్కాలి. ఆ బస్సెక్కే మనిషే మంచాన పడితే అప్పు మాత్రం మంచాన పడదు, వడ్డీతో సహా నడుస్తూనే ఉంటుంది. అతన్ని లేపి, కడిగి, తిప్పి పడుకోబెట్టే ఇల్లాలి బెంగ ఎవరి లెక్కలోకీ రాదు. లెక్కల మాటే వస్తే, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో తిరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు.

అడిగే సాధనం కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. 2001లో వెలువడిన పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలు డిప్రెషన్ గురించి. 2006 నాటి గ్యాడ్-7లో ఏడు ప్రశ్నలు ఆందోళన గురించి. గడిచిన రెండు వారాల్లో ఫలానా బాధ అసలు లేదా, కొన్ని రోజులుందా, సగానికి మించి రోజులుందా, దాదాపు రోజూ ఉందా అని అడిగి సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేస్తారు. మొదటిదానిలో 27కు 10 వచ్చిందంటే డాక్టరు చూడాల్సిందే. వాడుకున్నందుకు పైసా కట్టే పని లేదు. కూడికలో తప్పు పోకుండా చూడటం, ప్రమాదకరమైన జవాబు రాగానే గుర్తుచేయడం, మళ్లీ ఎప్పుడు వెళ్లాలో మర్చిపోకపోవడం వరకే ట్యాబ్ పని.

ఇది మన రాష్ట్రంలోనే పనిచేసి చూపించింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ పరిశోధకులు పల్లబ్ మౌలిక్ నాయకత్వంలో పశ్చిమ గోదావరిలో ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పేరిట 2014లో పని మొదలుపెట్టారు. 30 గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తలు ట్యాబ్ చేతపట్టుకుని ఇంటింటికీ తిరిగి 5,007 మందిని ప్రశ్నించారు. 238 మందికి సమస్య ఉండొచ్చని తేలింది. ఆ వివరాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు ట్యాబ్‌కు చేరేవి. ఏ మందు, ఎంత, ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలి అన్నదానికి అందులోనే సలహా ఉండేది. అంతకుముందు ఆ 238 మందిలో మానసిక వైద్యం అందుకున్నవారు ఇద్దరంటే ఇద్దరు. తర్వాత ఆ సంఖ్య 30కి చేరింది.

రెండు 30 అయిందని చప్పట్లు కొట్టేవాళ్లు ఉంటారు. మిగిలిన 208 మంది సంగతేమిటని అడిగేవాళ్లు కూడా ఉండాలి. పరిశోధకులు అక్కడితో ఆగకపోవడం మెచ్చుకోదగ్గ విషయం. పశ్చిమ గోదావరితోపాటు హరియాణాలోని ఫరీదాబాద్, పల్వల్ జిల్లాల్లో కలిపి 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో పెద్ద ఎత్తున తులనాత్మక ప్రయోగం చేశారు. ఫలితాలు 2024లో ‘జామా సైకియాట్రీ’లో అచ్చయ్యాయి. ట్యాబ్ సాయంతో వైద్యం, మానసిక రోగమంటే ఉన్న వెలి పోగొట్టే ప్రచారం జోడుగా నడిచిన ఊళ్లలో ఏడాది తిరిగేసరికి 74.7 శాతం మంది డిప్రెషన్ ముప్పు నుంచి బయటపడ్డారు. మామూలు పద్ధతి సాగిన ఊళ్లలో 50.6 శాతం. ట్యాబ్ ఒక్కటే ఈ తేడా తెచ్చిందనుకుంటే మనల్ని మనం మోసగించుకున్నట్టే. దాని వెనక ఆశా మళ్లీ ఇల్లు తొక్కింది, డాక్టరు మందు రాశాడు, ఊళ్లో దీని గురించి మాటలు నడిచాయి.

ఆ ప్రయోగం పల్లె జనం మొత్తం మీద జరిగింది. పునరావాస రోగి సంగతి వేరు. తొమ్మిది ప్రశ్నలనూ అతని మంచం పక్కన కూర్చుని చదివితే తెలుస్తుంది. నిద్ర సరిగా పట్టడం లేదా? పుండు లేవకుండా రాత్రంతా పక్క మారుస్తుంటే ఎలా పడుతుంది? నీరసంగా ఉందా? ఉంది, చెయ్యి ఎత్తడానికే సగం సత్తువ పోతోంది. ఆకలి మందగించిందా? మందగించింది, మంచంలోనే విరేచనమంటే సిగ్గేసి తిండి తగ్గించుకున్నాడు. కదలికలు నెమ్మదించాయా? పక్షవాతం వచ్చిన మనిషిని అడగాల్సిన ప్రశ్నేనా ఇది! మనసు నిబ్బరంగానే ఉన్నా ఒంటి బాధలతోనే మార్కులు పది దాటిపోవచ్చు. ఒంటి లక్షణాలు పక్కనబెట్టి మనసునే అడిగే హ్యాడ్స్ అనే ప్రశ్నావళి 1983 నుంచీ ఉంది. పక్షవాతంతో మాట పడిపోయినవారికి ఈ ప్రశ్నలు చాలాసార్లు పనికిరావు. దగ్గరుండి చూసుకునేవారిని అడగాలి. అందుకే ట్యాబ్ మీద ఎర్రగుర్తు పడగానే రోగం ఖాయం చేసేయకూడదు. మనిషి వచ్చి కూర్చుని రెండోసారి మాట్లాడాలి.

ఎక్కడ కూర్చుని అన్నది ఇంకో చిక్కు. ఆశా వచ్చిందంటే అరుగు మీద అత్త ఉంటుంది, పక్కింటి వదిన తొంగిచూస్తుంది, పిల్లలు ట్యాబ్‌లో ఏముందోనని మీదపడతారు. తొమ్మిదో ప్రశ్న చావు గురించి. దాన్ని ఆ గుంపులో గట్టిగా చదివితే ఎవరు నిజం చెబుతారు? ‘అట్లాంటిదేం లేదమ్మా’ అంటారు, సున్నా పడుతుంది, పని అయిపోయిందనిపిస్తుంది. చెబితే పోలీసు కేసవుతుందన్న భయం కూడా పల్లెల్లో ఇంకా పోలేదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలే గానీ శిక్షించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. ఈ ముక్క ముందుగా చెప్పి, ఆ తర్వాత అడగాలి. ఇయర్‌ఫోన్ పెట్టి ప్రశ్న వినిపించి, వేలితో బొమ్మ నొక్కమంటే చదువురానివారికీ గుట్టు నిలుస్తుంది.

భాష కూడా ఆఫీసు భాషైతే లాభం లేదు. ‘నిరాశా నిస్పృహలు’ అని అడిగితే తనకల్లు అవ్వ తెల్లమొహం వేస్తుంది. ‘దిగులుగా ఉంటాదా, దేనిమీదా మనసు పోదా’ అంటే చెబుతుంది. ‘గత రెండు వారాలు’ అనేకంటే పోయిన రెండు సంతల నుంచీ అంటే లెక్క అందుతుంది. మడకశిర వైపు కన్నడంలో, కదిరి, హిందూపురం ముస్లిం వాడల్లో ఉర్దూలో అడగాలి. ఇంగ్లిష్ నుంచి మక్కికిమక్కి దింపిన తెలుగుతో సర్వే పూర్తవుతుంది, దిగులు మాత్రం దొరకదు.

వైకల్య శాతం తేల్చే సదరం శిబిరాల్లోనే ఈ పని కానిచ్చేద్దామన్న ఆలోచన అధికారులకు రావచ్చు. జనం ఎలాగూ అక్కడికి వస్తారు కదా అని. అది చేయకూడని పని. నెలకు రూ.6,000 పింఛన్ వైకల్య శాతంతో ముడిపడి ఉంది. మంచానికే పరిమితమైనవారికి రూ.15,000. అక్కడ అడిగే ప్రతి ప్రశ్నా పింఛన్ కోసమేనని జనం అనుకుంటారు. దిగులుందంటే డబ్బు పెరుగుతుందని ఒకరు, పిచ్చి అని రాసి ఉన్నది తీసేస్తారని ఇంకొకరు. ఈ జవాబులు పింఛన్ దస్త్రాన్ని తాకరాదని ప్రభుత్వం జీవోలోనే రాయాలి. రోగి వివరాలు గుట్టుగా ఉంచాలని 2017 చట్టం 23వ సెక్షన్ ఇప్పటికే చెప్పింది.

ఇక ‘ఆ తర్వాత’ సంగతి. చికిత్స దారి సిద్ధంగా లేని రోగానికి జల్లెడ పట్టరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ 1968లోనే రాశారు. పెద్దలందరికీ మూకుమ్మడిగా డిప్రెషన్ పరీక్షలు వద్దని కెనడా నిపుణుల బృందం 2013లో తేల్చింది, మేలు జరుగుతుందన్న రుజువు చాలదని. వారి వాదనలో పస ఉంది. కానీ పునరావాస రోగి దారినపోయే దానయ్య కాదు. ముప్పు ఎక్కువ ఉన్నవాడు, పైగా వారానికోసారైనా ఎవరో ఒక వైద్య సిబ్బంది చేతికి చిక్కేవాడు. అతన్నీ అడగకపోవడం బద్ధకం తప్ప జాగ్రత్త కాదు.

దారి వేయడానికి సరంజామా ఇక్కడే ఉంది. గుంతకల్లుకు 50 కిలోమీటర్ల దూరంలోని బళ్లారిలో 1985లో నిమ్హాన్స్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకూ సిబ్బందికీ శిక్షణ ఇచ్చి మానసిక వైద్యాన్ని పల్లెకు తెచ్చింది. 1996లో దేశంలో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ బళ్లారే నమూనా. పక్క జిల్లాలో పుట్టిన పద్ధతి అనంత పల్లెలకు పూర్తిగా చేరకపోవడానికి దూరం సాకు చెప్పలేం. ఫ్లూక్సెటిన్ జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉంది. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అది నిండుకోకుండా ఉండాలి. అనంతపురం ప్రభుత్వ వైద్య కళాశాల మానసిక వైద్యులు వారంలో ఒకరోజు వీడియోలో ఈ డాక్టర్లకు అందుబాటులో ఉండాలి. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. డిశ్చార్జి కాగితం మీద అది పెద్ద అక్షరాల్లో ఉండాలి. 1969 నుంచి ఇక్కడే పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వికలాంగుల సంఘాలను ఊరూరా నిలబెట్టింది. ప్రమాదంలో కాళ్లు పోయి, పదేళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్న మనిషి వచ్చి మంచం పక్కన కూర్చుంటే, కౌన్సెలరు గంటసేపు చెప్పలేనిది పావుగంటలో చెప్పగలడు.

తొమ్మిదో ప్రశ్నకు అవునన్నవారి దగ్గరకు అదే రోజు ఒక మనిషి వెళ్లాలి. పది దాటినవారిని వారంలోగా డాక్టరు చూడాలి. ఎందరిని ప్రశ్నించారన్నది కలెక్టరు సమీక్షలో అడగనే వద్దు. పది దాటినవారిలో ఎందరికి రెండో సంభాషణ జరిగింది, మూడు నెలలకు మార్కులు ఎంత తగ్గాయి అన్నవే అడగాలి. మొదటి విడతకు బత్తలపల్లి, కళ్యాణదుర్గం, మడకశిర చాలు. ఇంటింటికీ తిరిగే పని ఆశా నెత్తిన పెడతారు కాబట్టి, ఇప్పుడిచ్చే గౌరవ వేతనంలోనే ఇదీ చేయమనకుండా ప్రతి రెండో సందర్శనకూ విడిగా డబ్బు కేటాయించి, ట్యాబ్‌ల టెండరు కంటే ముందు ఆ జీవో ఇవ్వాలి.