మావారి బుల్లెట్‌కి నూనె మార్చాను!

అప్పడాలు వేయించిన నూనెని మీరు ఎన్నిసార్లు వాడతారు? మహా అయితే మర్నాడు పోపుకి. ఆ తర్వాత నల్లబడి, వాసన వేస్తుంటే ఇక దాని జోలికి వెళ్ళం. అంతే కదూ? మరి ఇంట్లో బండిలో ఉన్న నూనె మార్చి ఎన్నాళ్ళయిందో ఎప్పుడైనా అడిగారా? నేనూ అడగలేదు. పెళ్ళయి ముప్ఫయి నాలుగేళ్ళు. ఏటా దసరాకి ముందు వచ్చే ఆదివారం మావారు వరండాలో గోనెసంచి పరుచుకుని కూర్చుంటే, టీ ఇచ్చి లోపలికి వచ్చేసేదాన్ని. "చీరకి మరకలయితయి, అవతలికి పో" అనేవారు. అలాంటిది, మొన్న దసరాకి ఆ గోనెసంచి మీద కూర్చున్నది నేను!

మాది లాలాగూడ. 1893లో నిజాం కాలంలో రైల్వే వర్క్‌షాపు పెట్టాక ఈ పేటలో ఇంటికొకరు అందులో పనిచేసినవాళ్ళే. మా మామగారు అక్కడే, ఆ తర్వాత మావారూ అక్కడే. ఫిట్టర్‌గా చేరి, ఎందరో కుర్రాళ్ళకి పని నేర్పి రిటైరయ్యారు. 1974 రైల్వే సమ్మె ముగిసిన మరుసటేడు మామగారు ఒక బుల్లెట్ కొన్నారు. మన సైన్యం కోసం ఇంగ్లండు కంపెనీకి ఆర్డరు వెళ్ళడం, 1955లో మద్రాసులో కంపెనీ పెట్టడం, అలా ఈ బండి మన దేశంలో తయారవడం మొదలైందట. మా దానికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. వయసు యాభై దాటింది. యాభై ఏళ్ళు దాటిన బళ్ళని వింటేజ్‌గా రిజిస్టరు చేసుకోవచ్చని 2021లో కేంద్రం నిబంధన తెచ్చింది కూడా.

కిందటి చలికాలం నుంచి మావారికి కుడిచెయ్యి వణుకుతోంది. సాసర్లో కప్పు టకటకలాడితే నేనే ముందు గమనించాను. డాక్టరుగారు మాత్రలిచ్చి, బండి నడపొద్దన్నారు. మావారు ఒక్క మాట మాట్లాడలేదు. పుణెలో ఉన్న మా అబ్బాయి ఫోన్‌లో, "నడపని బండి ఎందుకమ్మా, అమ్మేద్దాం. ఇప్పుడు మంచి ధర వస్తుంది" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ అదే మేలనిపించింది.

ఆ ఆదివారం ఆయన మామూలుగానే గోనెసంచి పరిచారు. పానా బోల్టుకి పెట్టారు. జారింది. మళ్ళీ పెట్టారు. ఈసారి వేలి కణుపు గీసుకుపోయి రక్తం వచ్చింది. పానా కింద పెట్టేసి, గోడకి ఆనుకుని, "అమ్మేద్దాంలే" అన్నారు.

మెకానిక్‌ని పిలుద్దామంటే ఒప్పుకోరు. ఎప్పుడో ఒకతను బోల్టు అతిగా బిగించి మర కోసేస్తే ఇంజన్ మొత్తం విప్పాల్సి వచ్చిందట. ఆ రోజు నుంచి ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. నాకేం తోచిందో, కొంగు దోపుకుని, "మీరు చెప్పండి, నేను తిప్పుతాను" అన్నాను. ఆయన నా వంక చూసిన చూపు! కొత్తగా చేరిన అప్రెంటిస్‌ని చూసినట్టు.

ముందు పాఠం. ఇంజన్‌లో ఇనుము ఇనుముతో రాసుకోకుండా మధ్యన పొరలా ఉండేది నూనె. వేడిని లాగేదీ, మసినీ అరిగిన పొడినీ మోసేదీ అదే. మోసి మోసి తనే నల్లబడుతుంది. మరి నడపని బండికి మార్చడం ఎందుకు? నేనూ అదే అడిగాను. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. బండి బాగా వేడెక్కేలా నడిస్తే ఆ తేమ ఎగిరిపోతుంది. రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపేస్తే లోపలే ఉండిపోయి నూనెలో చేరుతుంది. పులుపు కూడా పుట్టి ఇనుముని తింటుంది. అందుకే నడిచినా నడవకపోయినా ఏడాదికోసారి మార్చాలి. బాగా నడిచే బండికైతే గైడు పుస్తకంలో ఇన్ని కిలోమీటర్లకని ఉంటుంది, అది చూసుకోవాలి.

ఇక పని. మా చెల్లెలి కొడుకు కిక్కు కొట్టి బండిని మెట్టుగూడ దాకా తిప్పి తెచ్చాడు. వెచ్చబడితే నూనె పల్చనై, మడ్డితో సహా దిగుతుంది. అయితే వెంటనే విప్పకూడదు, చెయ్యి కాలుతుంది. ఓ పది నిమిషాలు ఆగాం. సైలెన్సర్ అప్పటికీ వేడిగానే ఉంటుంది, కొంగు జాగ్రత్త. బండిని సమంగా ఉన్న నేల మీద సెంటర్ స్టాండ్ వేసి, అడుగున పాత టబ్బు పెట్టాం. టబ్బంటే ఇక దానికే. మళ్ళీ వంటింట్లోకి రాకూడదు సుమండీ.

నూనె దిగడానికి మా బండికి అడుగున రెండు బోల్టులున్నాయి. ఒకటి నూనె నిలవుండే అరది, ఇంకొకటి ఇంజన్ గర్భానిది. గేర్‌బాక్స్‌కి వేరే నూనె, క్లచ్ చెయిన్ పెట్టెకి వేరే నూనె. వాటి బోల్టులు వేరు, కలగాపులగం చేయొద్దని నాలుగుసార్లు చెప్పారు. నేను పానా పెట్టి తిప్పాను.

"అటు కాదే! ఆగు, ఆగు! బిగిస్తున్నవ్!"

నా గుండె జారిపోయింది. బోల్టు తల నేల వైపు ఉంది, నేను చూసేది పైనుంచి. వదులు చేయాలంటే గడియారం ముల్లుకి ఎదురు తిప్పాలి. కానీ ఆ లెక్క బోల్టు తల వైపు నుంచి చూసుకోవాలి. తల వంచి, కింద నుంచి చూసి, ఈసారి సరిగ్గా తిప్పాను. కటుక్కుమని వదిలింది. నల్లటి నూనె ధారగా దిగుతుంటే ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను!

పక్కన చిన్న మూతలో ఫెల్టు గుడ్డతో చేసిన గొట్టంలాంటి ఫిల్టరుంది. స్ప్రింగు, వాషర్లు విప్పిన వరసలోనే పాత పేపరు మీద పెట్టించారు. మళ్ళీ అదే వరసలో లోపలికి వెళ్ళాలి. కొత్త ఫిల్టరూ, బోల్టులకి కొత్త వాషర్లూ రాణిగంజ్ నుంచి ముందే తెచ్చి ఉంచారు.

అసలు పరీక్ష బిగించేటప్పుడు. "పానా ముట్టకు. ముందు వేళ్ళతోటి తిప్పు. మూడు నాలుగు చుట్లు ఒత్తకుండా పోతేనే మర సక్కగ పడ్డట్టు. కేసు అల్యూమినియంది, ఇనుపబోల్టు దాన్ని కోసేస్తది" అన్నారు. వేళ్ళతో పూర్తిగా వెళ్ళాక, పానాతో వాషర్ నొక్కుకునే దాకా బిగించాలి. అంతకంటే బలం చూపించకూడదు. ఊరగాయ జాడీకి వాసెన కట్టే చెయ్యి మనది, ఎంత బిగువు కావాలో మనకి తెలియదూ!

ఆ పైన కొత్త నూనె. 20డబ్ల్యూ50 రకం. మొదటి అంకె చలిలో పల్చదనానికి, రెండోది వేడిలో చిక్కదనానికి. రెండు లీటర్ల పైచిలుకు పడుతుంది. ఒక్కసారే పోసేయక, రెండు లీటర్లు పోసి, పుల్లతో కొలత చూసి, మిగతాది కొంచెం కొంచెంగా పోశాను. తర్వాత కాసేపు స్టార్టు చేసి ఆపి, మళ్ళీ కొలత చూసి, బోల్టుల దగ్గర కారుతోందేమో పాత గుడ్డతో తుడిచి చూశాం. పొడిగా ఉంది!

మన స్కూటర్లకైతే ఇంత పని ఉండదు. చాలావాటికి లీటరులోపు నూనె సరిపోతుంది. అయినా ముందు మీ బండి గైడు పుస్తకం చూడండి. పాత యెజ్డీ, రాజ్‌దూత్ లాంటివి ఉంటే సంగతి వేరు. వాటిలో నూనె పెట్రోలుతో కలిసి మండిపోతుంది, మార్చేది గేర్‌బాక్స్ నూనె ఒక్కటే.

ఇక మిగిలింది టబ్బులో నల్లనూనె. మా మామగారు చెదపట్టకుండా దాన్ని ద్వారబంధాలకి పూసేవారు. కొందరు మోరీలో గుమ్మరించేస్తారు. దయచేసి రెండూ వద్దు. అందులో లోహపు పొడీ విషాలూ ఉంటాయి, చర్మానికి మంచిది కాదు. నేను రబ్బరు తొడుగులు వేసుకున్నాను. ఒక్కసారి మార్చిన నూనె దాదాపు నలభై లక్షల లీటర్ల మంచినీటిని పాడు చేయగలదని అమెరికా పర్యావరణ శాఖ లెక్క. మన మోరీల నీళ్ళు ఎక్కడికి పోతాయి? చివరికి మూసీకే. 2016 నాటి నిబంధనల ప్రకారం వాడేసిన నూనె ప్రమాదకర వ్యర్థం. కొత్త నూనె వచ్చిన డబ్బాల్లోనే పోసి, మూత బిగించి, వాడేసిన నూనె తీసుకునే సర్వీసు సెంటర్‌లో అడిగి ఇచ్చి వచ్చాం.

అంతా అయ్యాక మావారు బీరువాలోంచి పాత రైల్వే డైరీ తీశారు. తేదీ, కిలోమీటర్లు, పోసిన నూనె, చేసినవారు. మొదటి పేజీలు మామగారి రాత, తర్వాత మావారిది. కిందటేడు రాసిన వరస కొంచెం వంకర్లు పోయింది. డైరీ నా ముందుకి జరిపి, "నువ్వే రాయి" అన్నారు. అన్నీ రాసి, చేసినవారు అన్నచోట ఆయన పేరు రాశాను. కళ్ళజోడు పెట్టుకుని చూశారు.

"తప్పు రాసినవ్. కొట్టేసి నీ పేరు రాయి."

రాశాను. దసరా నాడు బండికి బొట్లు పెట్టింది ఆయనే. ఇప్పుడు ఆదివారం ఆదివారం మా చెల్లెలి కొడుకు హెల్మెట్ పెట్టుకుని తార్నాక అవతలి దాకా తిప్పి తెస్తాడు. ఈయన గేటు దగ్గర నిలబడి చప్పుడు వింటారు. అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు. వచ్చే ఏడు సంగతి నాకు తెలియదు కానీ, నూనె మార్చే వంతు మాత్రం నాదేనని ఖాయమైపోయింది.

మీ ఇంట్లో బండి ఏదైనా సరే, ఇవాళే ఒక చిన్న పుస్తకం పెట్టండి. తేదీ, కిలోమీటర్లు రాయండి. ఆ పుస్తకం ఇంటి ఇల్లాలి చేతిలో ఉంటే గడువు తప్పదు.

మరకలకి చిట్కాలు:

* బట్టలకి నూనె మరకైతే రుద్దకండి. టాల్కం పౌడరో సుద్దపొడో చల్లి, అరగంటాగి దులిపి, గిన్నెలు తోమే లిక్విడ్ రాసి ఉతకండి. మరక పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ చేయొద్దు.

* నేల మీద ఒలికితే నీళ్ళు పోయకుండా రంపపు పొట్టు చల్లి, పీల్చుకున్నాక ఊడ్చేయండి.

* చేతులకంటితే చెంచాడు వంటనూనెలో పంచదార కలిపి రుద్దుకుని, సబ్బుతో కడుక్కోండి. కిరసనాయిలు వద్దు.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.