చలిని గెలిచిన జీవులు కర్రకు ఓడిపోవాలా?

పాము, కప్ప, బల్లి, తాబేలు – వీటిని శీతరక్త జంతువులని చదువుకున్నాం. వీటి నెత్తురు ఎప్పుడూ చల్లగా ఉంటుందని కాదు దీని అర్థం. మనలాగ ఒంట్లోనే కావలసినంత వేడి పుట్టించుకోలేవు. ఎండ కాస్తే వేడెక్కుతాయి, చలి పెడితే మొద్దుబారిపోతాయి. మరి మంచు దేశాల్లో ఇవి ఎలా బతుకుతున్నాయి?

అలాస్కా అడవుల్లో ఒక చిన్న కప్ప ఉంది. శీతాకాలంలో రాలిన ఆకుల కింద దూరి గడ్డకట్టిపోతుంది. ఒంట్లోని నీటిలో దాదాపు మూడింట రెండు వంతులు మంచుగడ్డ అవుతుంది, గుండె ఆగిపోతుంది. కాలేయం విడుదల చేసిన గ్లూకోజు జీవకణాలను కాపాడుతుంది. వసంతం రాగానే మంచు కరిగి గుండె మళ్ళీ కొట్టుకుంటుంది! యూరపులో పింజరి జాతి పాము ఒకటి ఆర్కిటిక్ వలయం దాటి కూడా జీవిస్తోంది. చల్లటి నేలలో గుడ్లు పొదగడం కష్టం. అందుకే అది పిల్లల్నే కంటుంది.

అంత దూరం ఎందుకు, మన మన్యం లేదూ? విశాఖ నుంచి బస్సెక్కితే ఒక పూటలో చేరే లంబసింగిలో కొన్ని డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో వేడి సున్నా డిగ్రీల దగ్గరకు దిగిపోతుంది. అలాంటి చలికి పాములు పుట్టల్లో, రాళ్ళ సందుల్లో దాక్కుంటాయి. పొద్దెక్కాక బయటికొచ్చి ఎండ కాచుకుంటాయి. ఒళ్ళు వేడెక్కేదాకా చురుగ్గా కదల్లేవు. సరిగ్గా అప్పుడే మన కర్ర లేస్తుంది. చలిని ఓర్చుకోవడం ప్రకృతి నేర్పింది గాని, కర్రను ఓర్చుకోవడం నేర్పలేదు.

మన తూర్పు కనుమల్లో గిరినాగు ఉంది. ప్రపంచంలోని విషసర్పాలన్నిటిలోకీ పొడవైనది. దాని ముఖ్యాహారం ఇతర పాములే. ఆకులు పోగేసి గూడు కట్టి గుడ్లకు కాపలా కాసే తల్లి అది. దాన్ని చంపి మనం సాధించేది ఏమిటి?

నేను రైతు బిడ్డని. కోతకొచ్చిన వరి వెన్నుల్ని ఎలుక కొరికి కన్నంలో దాచడం నాకు కొత్త కాదు. ఆ కన్నంలోకి దూరి ఎలుకను పట్టేది జెర్రిపోతు. దానికి విషం లేదు, కూలీ అడగదు. అయినా దాన్ని కొట్టి చంపి, ఎలుకల మందు డబ్బిచ్చి కొంటున్నాం! కప్పల సంగతీ అంతే. ఒకప్పుడు మన దేశం కప్పకాళ్ళను ఏటా వేల టన్నులు ఎగుమతి చేసేది. చేలో పురుగుల్ని తినే నేస్తాన్ని అమ్ముకున్నామన్నమాట. 1987లో గాని ప్రభుత్వం దాన్ని నిషేధించలేదు.

భయపడొద్దని నేననను. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. వాళ్ళలో ఎక్కువమంది పల్లెజనమే, మా బోటి ఇళ్ళవాళ్ళే. కాని కనబడ్డ పామునల్లా చంపితే ఈ చావులు ఆగవు. పాము మీదికి కర్రెత్తేవాడే ఎక్కువ ప్రమాదంలో పడతాడు. రాత్రి చేతిలో లైటు, కాళ్ళకు జోళ్ళు, కాటు పడితే మంత్రగాడి దగ్గరకు కాక ఆసుపత్రికి పరుగు, అక్కడ విరుగుడు మందు సిద్ధంగా ఉండడం – ప్రాణం నిలిపేవి ఇవి. మన్యంలోని ప్రతి ఆరోగ్య కేంద్రంలోనూ ఆ మందు ఉండాలని అడగడం మన హక్కు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోనే వచ్చింది. అయితే చట్టం చేనుగట్టు మీద కాపలా కాయదు. మిత్రులారా, సెలవులకు ఊరెళ్ళే మనమే ఈ మాట అమ్మానాన్నలకు చెప్పాలి. జువాలజీ లాబులో కప్పను కోయడం ఆగింది. గట్టు మీద జెర్రిపోతును కొట్టడం ఆపించే పని మనది.