సాయంత్రానికి వాలిపోయే కనురెప్ప

పొద్దున్నే వాకిట్లో ముగ్గేసి, పిల్లలకు క్యారేజీలు సర్దేదాకా బాగానే ఉంటుంది. పొద్దుగూకే వేళకు కనురెప్ప వాలిపోతుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది. జడ వేసుకుందామంటే చెయ్యి లేవదు. అన్నం నమలగా నమలగా దవడ అలిసిపోతుంది. కాసేపు పడుకుంటే కొంత నయం. దాంతో ఇంట్లోవాళ్ళు "నీరసం, టానిక్కు తాగు" అంటారు. పని తప్పించుకుంటోందని గొణిగేవాళ్ళూ ఉంటారు.

అది బద్ధకం కాదు సుమా! మయస్తీనియా గ్రేవిస్ అనే జబ్బు కావచ్చు. నరం పంపే కబురును కండరం అందుకునే చోటును మన రోగనిరోధక శక్తే దెబ్బతీస్తుంది. అందుకే వాడేకొద్దీ కండరం బలం తగ్గుతుంది. స్త్రీలలో తరచుగా నలభై ఏళ్ళలోపే బయటపడుతుంది.

చిత్రమేమిటంటే, ఈ జబ్బు మూలం చాలామందిలో ఛాతీలో ఉంటుంది. రొమ్ము ఎముక వెనుక థైమస్ అనే గ్రంథి ఉంది, బాలగ్రంథి అని కూడా అంటారు. చిన్నతనంలో రోగనిరోధక కణాలకు తన, పర భేదం నేర్పేది ఇదే. ఈ జబ్బున్న నూరుమందిలో పది పదిహేనుమందికి ఇందులో థైమోమా అనే గడ్డ ఉంటుంది. గడ్డ ఉంటే ఆ నేర్పడం చెడి, సొంత కండరాల మీదే తిరగబడే కణాలు బయటికొస్తాయి.

1936లో అమెరికాలో బ్లాలాక్ అనే సర్జన్ ఒక యువతికి ఇలాంటి గడ్డ తీసేస్తే ఆమె బాగా కోలుకుంది. గడ్డ లేకపోయినా గ్రంథి తీసేస్తే చాలామందికి మేలని 2016లో వెలువడిన పరిశోధన తేల్చింది.

చల్లపల్లి లాంటి ఊళ్ళో ఉన్నవారు ముందు మీ డాక్టరుగారికి "సాయంత్రానికి ఎక్కువవుతోంది" అన్న మాట తప్పక చెప్పండి. విజయవాడలోనో గుంటూరులోనో నరాల డాక్టరుకు చూపించుకోండి. రక్తపరీక్షతోపాటు ఛాతీ సీటీ స్కానింగు ముఖ్యం. మాత్రలతో రెప్ప లేచింది కదా అని స్కానింగు మానకండి. గడ్డ నొప్పి లేకుండానే పెరగవచ్చు, మామూలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఉందని తేలితే సాధారణంగా ఆపరేషన్ చేసి తీసేస్తారు.

మరో జాగ్రత్త. కొన్ని యాంటీబయాటిక్స్ ఈ బలహీనతను పెంచుతాయి. జ్వరమొచ్చినా, పన్ను పీకించుకున్నా ఈ జబ్బు సంగతి ముందే చెప్పండి. మాత్రలు సొంతంగా ఆపకండి. మింగుడు పడకపోయినా, ఊపిరి ఆడకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో ఆడపిల్లో కోడలో "సాయంత్రమయ్యేసరికి చెయ్యి లేవడం లేదు" అంటే విసుక్కోకండి. ఒక్కసారి ఆ కనురెప్పల వంక చూడండి.